బాట ఎవరి సొత్తు?

ఫాల్గుణ పున్నమ దాటి, ఉగాది ఇంకను పది పదునైదు దినములు ఉన్నదనగా మా రాయచూరు వీథులలో నడకవారి రాక మొదలగును. విజయపురము, బాగలకోట, కలబురగి ప్రాంతముల నుండి వారు గుంపులు గుంపులుగా వత్తురు. భుజము మీద కంబళి, చేతిలో కర్ర, నొసట విభూతి. కొందరు యువకులు కాళ్ళకు పొడవైన కర్రలు కట్టుకొని చూరులయెత్తున నడచిపోవుచుండగా వీథిలోని పిల్లలందరును వారి వెంట పరుగెత్తుదురు. వీరు శ్రీశైలమునకు పోవువారు. భ్రమరాంబ తమ యింటి ఆడపడుచు అని వారి నమ్మకము. పండుగనాటికి పుట్టింటివారు చీర, పసుపు, కుంకుమ తీసికొని పోకున్నచో ఆడపడుచు చిన్నబుచ్చుకొనదా? అందులకే ఈ నడక.

మంత్రాలయము, ఎమ్మిగనూరు, కర్నూలు, ఆత్మకూరు, ఇంతవరకు ఊళ్ళ దారి. ఆత్మకూరు దాటి వెంకటాపురము చేరినపిమ్మట నల్లమల. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారము అని అడవిలోని మజిలీలు. తరతరములుగా కన్నడ గడ్డమీద స్థిరపడిన మనబోటి తెలుగు కుటుంబములవారము, కన్నడ దేశము తెలుగు కొండకు నడచిపోవుటను మన అరుగులమీదనుండి చూచుచునే యున్నాము. చెంబెడు మజ్జిగ పోసి పంపుట తప్ప, ఆ దారిని గూర్చి ఆలోచింపవలసినది ఏదియో యున్నదని నాకెన్నడును తోచలేదు. కిందటి సంవత్సరము మా మేనల్లుడు వచ్చి తోపింపజేసెను.

అతడు బెంగుళూరులో ఉద్యోగి. కంప్యూటరు మీద భూమి పటములు గీయుట అతని వృత్తి. పల్లెసీమలలో పర్యాటకులు కాలినడకను తిరుగుటకు తగిన దారులను ముందుగా లెక్కగట్టి చూపు పని యొకటి అతని సంస్థకు వచ్చినదట. ఊళ్ళకు ఆదాయము రావలెను, ప్రకృతి చెడరాదు, వచ్చినవాడు సంతోషించి మరల రావలెను అని సంకల్పము. ఉగాది దారిని ఏడాది పొడుగునను నడువదగిన బాటగా చేయవచ్చునా అని పరీక్షించుటకై రాయచూరు నుండి నల్లమల వరకు ఒక గీత గీసి తెచ్చి నా యెదుట పెట్టెను. “మామయ్యా, మీరు చిన్నప్పుడు నడిచినారు కదా, తప్పులుంటే చెప్పండి” అనెను.

ఆ గీత ఎట్లు పుట్టినదో అతడు చెప్పగా వింటిని. వినదగినదే. నేలనంతటిని చిన్న చిన్న గళ్ళుగా విభజింతురు. ఒక్కొక్క గడికి ఒక్కొక్క ఖర్చు కట్టుదురు. చదునైన నేలకు తక్కువ, ఎగువకు ఎక్కువ, ముండ్లపొదకు మరింత ఎక్కువ, వాగునకు ఇంకను ఎక్కువ. ఇచ్చటినుండి అచ్చటికి ఏ గళ్ళ వరుస గుండ పోయినచో మొత్తము ఖర్చు అత్యల్పమగునో యంత్రము వెదకి చెప్పును. ఇట్టి వెదకులాటకు మూలమైన పద్ధతిని డైక్‌స్ట్రా అను హాలండు పండితుడు 1959లో ప్రకటించెను. నడక శ్రమను లెక్కించుట అంతకంటె పాతది. నేస్మిత్ అను స్కాట్లండు పర్వతారోహకుడు 1892లోనే, 3 మైళ్ళకు ఒక గంట, 2,000 అడుగుల ఎక్కుడునకు మరియొక గంట అని సూత్రము కట్టెను. 1993లో టోబ్లర్ అను భూగోళ శాస్త్రజ్ఞుడు మరికొంత సున్నితముగా లెక్కించి, మనుష్యుడు అన్నిటికంటె వడిగా నడచునది కొంచెము పల్లముగా నున్నచోట అనియు, అప్పుడు గంటకు సుమారు 6 కిలోమీటర్లు పోవుననియు చూపెను. మూట మోయు కూలివానిని అడిగినను ఈ మాట చెప్పును. సూత్రము మాత్రము కట్టడు.

ఇంతవరకు నాకు ఆక్షేపణ లేదు. కాని విహారమునకై వచ్చువాని దారికి శ్రమ యొక్కటియే లెక్క గాదు గదా! నీడకు, నీటికి, పాత గుడికి, కొండ కనబడు మలుపునకు మార్కులు వేయుదురు. లారీలు పోవు రోడ్డునకు, చెత్తదిబ్బకు మార్కులు తీసివేయుదురు. “ఈ మార్కులు ఎవరు వేసినారు నాయనా?” అని అడిగితిని. నడకయందు ఆసక్తిగల పట్టణవాసులను కొందరిని ప్రశ్నించి వేసినారట. నడచువారిని అడిగినారు, ఏ ఊరి నడుమ నడచెదరో ఆ ఊరివారిని అడుగలేదు. ఇందులో దురుద్దేశము లేదు. ఎవరు చేతికి అందుదురో వారినే అడుగుట లోకమందంతటను ఉన్న అలవాటు. అయినను నా మనస్సునకు చిక్కు పడినది ఇక్కడనే.

ఆ గీత ఒకచోట ఒక పల్లెను అరమైలు దూరముననే విడిచి, చేనిగట్టు మీదుగా తప్పుకొని పోయినది. ఊరి పేరు చెప్పను. ఊరి మొదటనే చెత్తదిబ్బలు, పిమ్మట ఇరుకు సందులు. గట్టుమీదనో, చక్కని చింతచెట్ల వరుస. యంత్రము చింతచెట్లనే కోరెను. అయితే ఆ పల్లెవారు ఉగాది నడకవారికి ఊరి మొదట పందిరి వేసి అంబలి పోయుట నా చిన్ననాటినుండి నేనెరుగుదును. యంత్రమునకు ఇచ్చిన గళ్ళలో అంబలి లేదు. ఏడాది పొడుగునను నడచు క్రొత్త బాట చింతచెట్ల క్రిందుగా పోయినచో, నాలుగేండ్లకు ఉగాదివారును దానినే పట్టుదురు. ఆ పందిరికి ఎదురుచూచుట మిగులును.

మన పెద్దలు సప్తసంతానములని ఏడింటిని లెక్కించిరి. పుత్రుడు, చెరువు, కృతి, నిధి, దేవాలయము, వనము, అగ్రహారము. మనిషి పోయినను ఇవి అతని పేరు నిలుపును. ఈ యేడింటిలో బాట లేదు. బాటసారికి నీడనిచ్చు వనము ఉన్నది, దప్పి తీర్చు చెరువు ఉన్నది, బాట మాత్రము లేదు. ఇది పెద్దల మరపు అని నేను చాలకాలము అనుకొంటిని. ఇప్పుడట్లు అనుకొనను. ప్రోలయ వేమారెడ్డి పదునాలుగవ శతాబ్దిలో శ్రీశైలమునకును అహోబిలమునకును మెట్లు కట్టించెను. మెట్లు ఆయనవి; ఆయన పేర చెప్పుకొందుము. కాని అంతకు ముందే జనులు ఎక్కుచున్నందుననే గదా మెట్లు కావలసివచ్చినది! ఆ ఎక్కుదారి ఎవరి సంతానము? చేనికి అడ్డముగా ఒకడు నడచిపోయెను. రైతు చూచి కేకవేయక యూరకున్నాడు. మరునాడు మరియొకడు నడచెను. మూడవ యేటికి అది బాట. ఆ రైతే ఒకనాడు విసిగి ముండ్లకంప అడ్డము వేసినచో బాట లేదు. నడచువాడు సగము, నడువనిచ్చువాడు సగము కలిసి చేసినది గనుక అది ఏ ఒక్కని పేరనుగాని ఉండజాలదని పెద్దలు ఎరిగియుందురు. యంత్రము గీసిన గీత ఎంత ముచ్చటగా నున్నను అందు మొదటి సగమే యున్నది.

దారిని కాగితము మీద పెట్టుట మనకు క్రొత్త గాదు. చెన్నపట్టణపు తెలుగువారైన ఏనుగుల వీరాస్వామయ్యగారు అక్కడి సుప్రీముకోర్టులో దుబాసీగా ఉండి, 1830 మే 18వ తేదీని కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీని ఇల్లు చేరిరి. త్రోవలో శ్రీశైలమును సేవించిరి. ఏ ఊరి నీరు మంచిది, ఎక్కడ బస దొరకును, అంగడిలో ఏమి అమ్ముదురు, దారి ఇసుకయా రాయియా అని మజిలీ మజిలీకి వ్రాసికొనుచు పోయిరి. ఆ వ్రాతలను వారి మిత్రులు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారు 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చువేయించిరి. తరువాత పోవువానికి పనికివచ్చునట్లు దారిని లెక్కించుటయే అదియును. అయితే ఆయన ఆ ఊళ్ళలో దిగి, అడిగి, అక్కడి నీరు త్రాగి, అక్కడ నిద్రించి వ్రాసిరి. ఆ కాలమును మరీ పొగడుటయు తగదు. ఆయన ప్రయాణము చేసినది పల్లకిలో. పల్లకి మోసిన బోయీలు తమ పుస్తకము వ్రాయలేదు.

నా సంగతి ఒకటి చెప్పవలెను. చెప్పుట సులభము గాదు గాని, ఈ వ్యాసమునకు మూలము అదియే.

1974లో, నా యిరువదిరెండవ యేట, మా పొరుగింటి కన్నడ వృద్ధునితో కలిసి నేనును ఈ దారి నడచితిని. అజ్జ అని ఆయనను పిలిచెడివాడను. మా గుంపు పన్నెండుగురము, అందరమును మగవారము. నాగలూటి దాటిన తరువాత ఎండ ముదిరి, తెచ్చుకొన్న నీరు అయిపోయినది. అడవిలో ఒక చెంచుగూడెము అంచున ఒక గుడిసె కనబడినది. లోపల ఒక స్త్రీ, ఆమె కొంగు పట్టుకొని ఒక పిల్ల. నీళ్ళడిగితిమి. ఆమె కుండ తెచ్చి ముంతతో పోయసాగెను. పన్నెండుగురమును త్రాగితిమి, ముఖములు కడుగుకొంటిమి గూడ. కుండ అడుగు కనబడినది. ఆమె ఏమియు అనలేదు. ఖాళీ కుండ చంకనెత్తుకొని, పిల్ల చేయి పట్టుకొని, లోయవైపు దిగిపోయెను. నీరు ఎంత దూరమని నేను అడుగగా అజ్జ గడ్డముతో ఆ లోయనే చూపెను. ఆమె తిరిగి వచ్చువరకు ఆగినచో మాకు చీకటిపడును. లేచితిమి. నేను ఆ గుడిసె గడపమీద ఒక రూపాయి పెట్టితిని. అజ్జ అది చూచి, “తమ్మా, ఆమె ఇచ్చింది. నువ్వు కొన్నావు” అనెను.

ఆ మాట నన్ను చాల యేండ్లు వెంటాడెను. దానమును బేరముగా మార్చితినని సిగ్గుపడితిని. వయస్సు వచ్చిన పిమ్మట అజ్జ మాటలో గూడ ఒక సౌకర్యము కనబడుచున్నది. ఉచితముగా ఇచ్చినది ఎంత గొప్ప మనసు అని మెచ్చుకొనుట త్రాగినవానికి చౌక. లోయలోనికి దిగినది అజ్జయు గాదు, నేనును గాను. ఆ రూపాయి ఆమెకు అవమానమైనదో అక్కరకు వచ్చినదో చెప్పవలసినది ఆమె. ఆమె లేనప్పుడు ఆమె మనస్సును గూర్చి మేమిద్దరము దారిపొడుగునను వాదించుకొంటిమి! ఆమె వెంట ఒకడైనను దిగి కుండ మోసియుండవచ్చును. ఆ ఆలోచన ఆనాడు పన్నెండుగురిలో ఒక్కనికిని రాలేదు.

ఈ కథ విని మా మేనల్లుడు కొంతసేపు మాటలాడలేదు. తరువాత అతడు చెప్పిన సమాధానము తోసివేయదగినది గాదు. “మామయ్యా, మీకు పుణ్యం లెక్క, వాళ్ళకు పూట లెక్క” అనెను. ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయము ప్రాంతముల పల్లెలు వాననమ్ముకొన్నవి. ఖరీఫు పంట చేతికి వచ్చినను రాకున్నను, అది ముగిసిన వెంటనే కుటుంబములకు కుటుంబములే గుంటూరు సీమకు మిరపకాయలు కోయుటకు వలసపోవును. పిల్లల బడి సగములో నిలిచిపోవును. ఉగాది నడకవారు వచ్చునప్పటికి పెక్కు తలుపులకు తాళములు వ్రేలాడుచుండును. మజ్జిగ పోయవలసిన చేతులు మిరపచేలలో ఉండును. బాట మీద వచ్చువాడు రెండు పూటల భోజనమునకు, ఒక మంచమునకు, దారి చూపినందులకు డబ్బిచ్చినచో, ఆ తలుపులలో నాలుగైనను తెరచియుండవా? దీనికి నా దగ్గర బదులు లేదు. అతిథిని దేవునిగా చూడుమని ఆకలిగొన్న యింటికి బోధించుట నాకు చేతగాదు. డబ్బు రావలసినదే. అయితే ఆ డబ్బు మంచము వేసిన యింటికి చేరునా, పట్టణములో కూర్చుండి బేరము కుదుర్చువాని చేతిలో నిలిచిపోవునా అన్నది వేరు ప్రశ్న. అది పటములో తేలునది గాదు.

ఇతర దేశములలో ఇట్టివి ఎట్లు జరిగినవో అతడే కొన్ని చెప్పెను. స్పెయిను దేశములో సంత్యాగో అను క్షేత్రమునకు పోవు పాత నడకదారులను 1987లో ఐరోపా మండలి మొట్టమొదటి సాంస్కృతిక మార్గముగా ప్రకటించెను. 2023లో అచ్చట యాత్రాపత్రము పొందినవారు 4,46,000కు పైబడిరి. ఆ పత్రమునకు కాలినడకవారు చివరి 100 కిలోమీటర్లయినను నడువవలెనని నియమము. అందుచేత, క్షేత్రమునకు నూరు కిలోమీటర్లు దాటి కొద్దిదూరములో నున్న సార్రియా అను ఊరినుండి బయలుదేరువారే మిక్కిలి యెక్కువ. అంతకు వెనుకనున్న ఊళ్ళ కడుపు మీద కొట్టవలెనని ఎవరును అనుకొనలేదు. నియమములోని ఒక్క సంఖ్య ఊళ్ళకు అదృష్టమును పంచిపెట్టినది. పెరూ దేశములో ఇంకా రాజుల కొండదారి మీదికి దినమునకు 500 మందినే, అందును మోతగాండ్రను గూడ కలుపుకొనియే, విడుతురు. ఫిబ్రవరి మాసమున పూర్తిగా మూసివేయుదురు. ఒక దారి ఎందరిని ఓర్చుకొనగలదో లెక్కించు పద్ధతిని సిఫువెంతెస్ అను శాస్త్రజ్ఞుడు 1992లో రూపొందించెను. దారి పొడవునుబట్టి ఎందరు పట్టుదురో మొదట కట్టి, వానకు, ఎండకు, మట్టి కోతకు, వాలునకు కొంత కొంత తగ్గించుచు పోవుటయే అందలి క్రమము. మంచి పద్ధతి. నేల ఓర్పును కొలిచినది. బావి దగ్గర నిలుచుండు ఆడుదాని ఓర్పునకు అందు ఒక గడి చేర్చిన తప్పులేదు.

మన నల్లమలకు వచ్చినచో చిక్కు ఇంకను పెరుగును. నాగార్జునసాగర్-శ్రీశైలము పులుల అభయారణ్యము విస్తీర్ణములో దేశమునకెల్ల పెద్దది. శివరాత్రికిని ఉగాదికిని అటవీశాఖవారు ఈ కాలిబాటను తెరచి భక్తులను విడుతురు. ఆ కొద్దిదినముల అలజడిని అడవి ఓర్చుకొనుచున్నది. ఏడాది పొడుగునను ఓర్చుకొనునా? 2023 ఆగస్టులో తిరుమల మెట్లదారిలో చిరుతపులి ఒక చిన్నబిడ్డను బలిగొన్నప్పుడు మనమందరము ఉలికిపడితిమి. పిల్లలతో నడచువారికి అప్పటినుండి వేళలు నియమించిరి. దారి మనదనుకొన్నచోట దానికి వేరొక హక్కుదారు ఉన్నాడని అప్పుడు గాని గుర్తురాలేదు.

అడవిలో మృగములే గాదు, మనుష్యులున్నారు. చెంచులను గూర్చి హైమెండార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు 1943లోనే ఒక పెద్ద గ్రంథము ప్రకటించెను. మల్లన్న తమ అల్లుడని చెంచులు చెప్పుకొందురు. కన్నడిగులకు భ్రమరాంబ ఆడపడుచు. ఒకరి అల్లుని యింటికి మరియొకరు ఆడపడుచును చూడబోవు దారి యిది. అజ్జ వంటివారు గూడెముగుండ పోవునప్పుడు తలవంచుకొని పోయెడివారు. చుట్టరికమునకు తగిన మర్యాద అది. విహారమునకై వచ్చువానికి ఆ చుట్టరికము లేదు. గూడెము అతనికి కొండ కనబడు మలుపు వంటి మరియొక దృశ్యము. అండమానులో జరావాల చేత పర్యాటకుల ముందు నృత్యము చేయించిన చిత్రములు 2012లో బయటపడి దేశము తలవంచుకొన్నది. అదియు ఒక దారి తెచ్చిన పనియే. ఆ రోడ్డు వేసినవారు అట్టి ఉద్దేశముతో వేయలేదు.

అట్లయిన ఊరివారు సరేనన్నప్పుడే దారి అని నియమము పెట్టుదమా? మొదట నాకు అదియే న్యాయముగా తోచినది. మా మేనల్లుడు ఒక్క మాటతో ఆపెను. “వైకోము సంగతి ఏమిటి?” అని అడిగెను. నిజమే. 1924లో తిరువాంకూరులోని వైకోము గుడి చుట్టునున్న వీథులలో నడచుటకు అంటరానివారని త్రోసిపుచ్చబడినవారు సత్యాగ్రహము చేయవలసివచ్చినది. ఆనాటి ‘ఊరి’ అనుమతి అడిగియున్నచో అది లభించెడిది గాదు. మన తెలుగు పల్లెలలో మాత్రము? చెప్పులు చేతబట్టుకొని నడచిన వీథులు మన తాతల జ్ఞాపకములోనివే. నడువనిచ్చువానికి ‘కాదు’ అను హక్కు ఇచ్చినప్పుడు, ఆ మాటను ఎవరు ఎవరిమీద ప్రయోగింతురో చూడవలసియున్నది.

దీనిమీద చాల దినములు తర్కించుకొంటిని. నాకు తోచినది ఇది. నీటికి, పొలమునకు, బడికి, గుడికి, బ్రదుకునకు నడచువానిని ఆపు అధికారము ఎవరికిని లేదు. ఆతని పుట్టుకనుబట్టి ఆపుట అన్యాయము. విహారమునకై వచ్చువాడు వేరు. అతడు ఈ దారి లేకున్న మరియొక దారి పోవును. ఇక్కడివారు ఇక్కడనే ఉండవలెను. కనుక బరువునుబట్టి ‘కాదు’ అనవచ్చును. మా బావిలో ఇంత నీరు లేదు, మా బిడ్డలను చిత్రములు తీయవలదు, ఈ నెలలలో రావలదు అనుట వారి హక్కు. ఒకసారి సరేనని, బరువు తెలిసినతరువాత మానుకొనుటయు హక్కే. ముండ్లకంప రైతు చేతిలో ఉండవలెను. అడవి ఊళ్ళ విషయమున 2006 నాటి అటవీ హక్కుల చట్టము గ్రామసభకు ఒక నోరు ఇచ్చినది. ఆ నోటితో మాటలాడనిచ్చుట మన పని. ఊరనగా ఎవరు అను చిక్కు ఇంకను మిగిలియున్నది. గదులు అద్దెకిచ్చు ఆసామి సరే అనును. బిందె మోయు ఆమెను ఎవరును అడుగరు. నేనైతే మొదట ఆమెను అడుగుదును.

“ఊరివారు కాదంటే ఆ గడికి ఎంత ఖర్చు వేయాలి మామయ్యా?” అని అతడు నవ్వుచు అడిగెను.

“నీ యంత్రములో అన్నిటికంటె పెద్ద సంఖ్య ఏది?”

అంతులేని సంఖ్య యొకటి యుండుననియు, దానిని వేసినచో గీత ఆ గడిలో అడుగుపెట్టదనియు చెప్పెను. గోడలకు, అగాధములకు అది వేయుదురట. మనిషి మాటకు ఎన్నడును వేయలేదట. వేయుట మాత్రము క్షణము పని.

సంక్రాంతి వెళ్ళిన తరువాత అతడు సెలవు పెట్టి ఆ గీత వెంట నడచెను. చింతచెట్ల గట్టు మీదుగా గాక అంబలి పందిరి ఊరిలోనికే పోయి అడిగెను. రండి అన్నారట. చెత్తదిబ్బలు చూచి ముక్కు మూసికొనువారు మాత్రము వలదన్నారట. మరియొక పల్లెవారు జనవరి మొదలు ఏప్రిలు వరకు మా యిండ్లలో ముసలివారే యుందురు, అప్పుడు పంపవలదు అనిరి. పర్యాటకులకు మిక్కిలి ఇంపైన కాలమని యంత్రము చెప్పిన నెలలలో సగము అందులోనే ఉన్నవి. అడవిలోని గూడెములో ఒక ముసలామె అతని మాటలన్నియు విని, “నీళ్ళు ఎవరు మోస్తారు?” అని అడిగెనట. అతడు బదులు చెప్పలేక లేచివచ్చెను.

క్రొత్త పటములో గీత అడవి అంచున ఆగిపోయినది. పని అసంపూర్తిగా నున్నదని పైవారు వ్రాసినారట. అతడు దానిని పొడిగింపలేదు. ఉగాదికి ఇంకను నెల యున్నది. ఈసారి మా అరుగు మీద మజ్జిగ పోయుటకు తానును వచ్చెదనని ఉత్తరము వ్రాసినాడు. కుమ్మరివానితో చెప్పి రెండు కుండలు అదనముగా తెప్పించితిని. వీథి చివరి కుళాయినుండి నీరు తెచ్చు వంతు ఈ యేడు అతనిది.